రాత్రి ఎనిమిదికి మీటింగ్ పెట్టి, పిల్లలకు మత్తుమందు వద్దని ర్యాలీ తీస్తే ఎట్లా?

కొంచెం పెద్ద పోస్టు ఇది. పెద్ద పోస్టు పెడితే సగం మంది చేతులు జోడించిన బొమ్మ పెట్టి చదవకుండా పోతారని నాకు తెలుసు. ఈసారి బొమ్మ పెట్టకపోయినా పరవాలేదు, చదవండి. నేను బడిలో చదివినదంతా తమిళమే. తెలుగు రాయడం పెద్దయినాక నేర్చుకున్నది. అక్షరదోషాలుంటే పండితులు మన్నించండి, విషయాన్ని మాత్రం మన్నించి వదిలేయొద్దు.

పోయిన వారం కార్యవర్గం పంపిన సర్క్యులర్ చూసినాను. ఒకటో అంశం: జూన్ 26 మత్తుమందుల వ్యతిరేక దినానికి ర్యాలీ. ఫ్లెక్సులు, పిల్లలకు టీషర్టులు, ప్రతిజ్ఞ, ముఖ్య అతిథికి శాలువా, ఖర్చు 60,000 రూపాయలు. మూడో అంశం: యువజన విభాగం సమావేశాలు ఇకపై ప్రతి మంగళ, గురువారాల్లో రాత్రి 8 గంటలకు. ఐదో అంశం: తెలుగు తరగతి వేళ మార్పు, రాత్రి 7:45 నుంచి 9 దాకా, ట్యూషన్లకు అడ్డం రాకుండా. కార్యవర్గ సమావేశం మాత్రం ఎప్పటిలాగే శనివారం రాత్రి 8:30కి.

ఒకే కాగితం మీద, పది వరసల తేడాలో, ఒకటో అంశానికి గుంట తవ్వేది మూడోదీ ఐదోదీ. కార్యవర్గంలో పదిహేను మంది ఉన్నారు, ఒక్కరికీ కనపడలేదా? నేను చెప్పేది ఇది. పిల్లకాయలు మత్తు జోలికి పోకుండా ఉండేదానికి మనలాంటి సంఘం చేయగలిగిన పెద్ద పని, రాత్రి 8 నుంచి 9 దాకా వాళ్ళను, వాళ్ళ అమ్మానాయనలను ఇంట్లో ఉండనివ్వడం. అందరూ కూర్చుని ఒక పూట అన్నం తిననివ్వడం. దానికి 60,000 అక్కరలేదు. అందుకే ఎవరికీ తట్టలేదేమో.

"ఏందయ్యా, మత్తుమందుకూ చారన్నానికీ ముడి పెడతావా" అని నవ్వేవాళ్ళు నవ్వండి. నవ్వినాక వినండి.

దక్షిణ రైల్వేలో పార్సెల్ ఆఫీసు గుమాస్తాగా ముప్పై ఏళ్ళు పైన పని చేసినాను. నడిచే బండిలో సరుకు పోయేది తక్కువ. ఒక బండి నుంచి దింపి ఇంకో బండికి ఎక్కించే దాకా ప్లాట్‌ఫారం మీద, షెడ్డులో పడి ఉండే మూడు నాలుగు గంటలు ఉంటాయి చూడండి, మూట పగిలేది అప్పుడు, కట్ట తగ్గేది అప్పుడు. ఆ వేళ అది పంపినవాడి కంట్లోనూ లేదు, అందుకునేవాడి కంట్లోనూ లేదు. మన పిల్లకాయలకు అట్లాంటి వేళ ఏది? బడిలో మాస్టరు చూస్తాడు. ట్యూషన్లో సారు చూస్తాడు. ట్యూషన్ విడిచినాక, ఇంట్లో తన కోసం ఎవరూ తట్ట పెట్టుకుని కూర్చోలేదని తెలిసిన పిల్లోడు పరోటా అంగడి దగ్గర నిలబడతాడే, ఆ గంటన్నర. పెరంబూరు, అయనావరం, విల్లివాక్కం, ఏ వీధికైనా ఆ వేళకు పోయి చూడండి. ఇప్పుడు మన సంఘం ఆ గంటన్నరకు ఒక సాకు కూడా ఇస్తోంది. "తెలుగు క్లాసుకు పోయినా" అంటే ఏ అమ్మ కాదంటుంది? వచ్చినాడో లేదో రాసేదానికి మన దగ్గర హాజరు పుస్తకం కూడా లేదు.

ఆఫీసులో మస్టర్ ఉండేది. పొద్దున పది నిమిషాల్లో ఎవరు రాలేదో తెలిసేది. ఇంట్లో మస్టర్ రాత్రి అన్నమే. దినమూ ఒకే వేళకు పిల్లోడి మొహం వెలుతురులో, ఎదురుగా, ఇరవై నిమిషాలు కనపడేది ఇంకెప్పుడు? పొద్దున వాడు షూ లేసు కట్టుకుంటూ పరిగెత్తుతాడు. ఆదివారం పదకొండు దాకా పడుకుంటాడు.

ఎదురుగా కూర్చుంటే ఏం కనపడుతుందో కూడా చెప్తాను, ఉత్త మాటలు వద్దు. గుట్కా, పాన్ మసాలా తమిళనాడులో 2013 నుంచి నిషేధం. పేరుకు నిషేధం. బడికి 100 గజాల లోపల సిగరెట్టు, పొగాకు అమ్మకూడదని 2003 చట్టం. అదీ పేరుకే. ఇప్పుడు బడి పిల్లకాయల్లో నడిచేది పెదవి కింద పెట్టుకునే చిన్న పొట్లం. కూల్ లిప్ అని పిలిచే దాని గురించి మదురై బెంచి హైకోర్టే 2024లో ఆందోళన పడింది. దానికి పొగ లేదు, బీడీ కంపు లేదు. పక్కన నిలబడినా తెలియదు. కానీ నోట్లో అది పెట్టుకుని అన్నం తినలేడు కదా. కూర్చోబెట్టిన ప్రతిసారీ ముందు కొళాయి దగ్గరికి పోయి నోరు పుక్కిలించి వస్తాడు. వక్క కలిసిన గుట్కా, మసాలా చాలా కాలం నమిలిన నోట్లో కారం తగిలితే మంట పుడుతుంది. చిన్నప్పటి నుంచి ఊరగాయతో ముద్ద తిన్న పిల్లోడు ఉన్నట్టుండి పెరుగన్నమే చాలంటే, వయసు మార్పు అనుకోకుండా ఒకసారి నోరు తెరిపించి చూడాలి. పంక్చర్ సొల్యూషన్, థిన్నర్ పీల్చేవాడి దగ్గర పెయింటు వాసన వస్తుంది, నోటి చుట్టూ పొక్కులు లేస్తాయి. గంజాయికి కళ్ళు ఎర్రబడతాయి, వేళ కాని వేళ ఆకలి. ఇవన్నీ డాక్టరు చదువు చదివితేనే తెలిసేవి కావు. పక్కన కూర్చుని తినే అమ్మకు మూడో దినానికే తెలుస్తాయి. ఫ్లెక్సు కట్టిన సంఘానికి ఎప్పటికీ తెలియవు.

"మన పిల్లలు అట్లాంటివాళ్ళు కాదు" అని మీటింగులో ఒక పెద్దాయన అన్నారు. అయ్యా, తప్పుగా అనుకోవద్దు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఎయిమ్స్ చేత చేయించి 2019లో విడుదల చేసిన సర్వే ఉంది. అందులో సొల్యూషన్ లాంటివి పీల్చే అలవాటు పెద్దల్లో 0.58 శాతం, పిల్లల్లో 1.17 శాతం. పిల్లలే పెద్దలను మించిన మత్తు అదొక్కటే. అది అమ్మే చోటు చీకటి సందు కాదు, సైకిల్ అంగడీ, స్టేషనరీ అంగడీ. ఆ సర్వే ఎవరి కులం, ఎవరి భాష అని చూసి లెక్క తీయలేదు.

గంజాయి మాట వస్తే మనవాళ్ళకు ఇంకో రోషం. తమిళ పేపర్లో "ఆంధ్రా గంజాయి" అని వేస్తే సంఘం గ్రూపులో పొద్దున్నుంచి సాయంకాలం దాకా అదే గొడవ. నేను రైల్వేలో ఉన్నవాణ్ణి. ఆంధ్రా ఒడిశా సరిహద్దు మన్యంలో పండినది బండ్లలో దక్షిణానికి వచ్చే మాట నిజం. జనరల్ పెట్టెలో సీటు కింద సొంతదారు లేని సంచులు దొరికే మాట నిజం. 2021 నుంచి ఆంధ్రా పోలీసులు ఆపరేషన్ పరివర్తన అని వేల ఎకరాల తోటలు నరికిన మాటా నిజం. అదంతా పోలీసుల పని, ఆర్పీఎఫ్ పని. సంచి ఎక్కడ ఎక్కిందని మనం రోషపడితే ఏం వస్తుంది? అది దిగే చోట చేయి చాపేవాడు మన వీధిలో ఉన్నాడా లేదా అన్నదే మన పని.

ఇక ర్యాలీ, ప్రతిజ్ఞ సంగతి. దీన్ని మనకంటే చాలా పెద్దగా చేసి చూసినవాళ్ళు ఉన్నారు. అమెరికాలో 1983లో లాస్ ఏంజెలెస్‌లో డేర్ అని ఒక కార్యక్రమం మొదలైంది. యూనిఫాంలో పోలీసు బడికి వచ్చి పాఠం చెప్పడం, పిల్లల చేత మాట తీసుకోవడం, టీషర్టులు. దేశమంతా పాకింది, కోట్లు పోసినారు. ఇరవై ఏళ్ళ తర్వాత, 2003లో ఆ దేశపు ప్రభుత్వ ఆడిట్ సంస్థ పరిశోధనలన్నీ తిరగేసి, ఆ పాఠాలు విన్న పిల్లలకూ విననివాళ్ళకూ చెప్పుకోదగ్గ తేడా లేదని రాసింది. అంత డబ్బు, అంత పోలీసు బలగం ఉండి రాని ఫలితం మన 60,000కు వస్తుందా? ఆ దినం ఫోటోలు బాగా వస్తాయి, అంతే.

భోజనం గురించీ అక్కడే లెక్క తీసినారు. కొలంబియా యూనివర్సిటీలోని ఒక కేంద్రం ఏళ్ళ తరబడి 12 నుంచి 17 ఏళ్ళ పిల్లలను అడిగింది. వారంలో ఐదు నుంచి ఏడు రాత్రులు ఇంట్లోవాళ్ళతో తినే పిల్లలతో పోలిస్తే, మూడు కంటే తక్కువ రాత్రులు తినేవాళ్ళలో మద్యం తాగేవాళ్ళు రెండింతలకు పైన తేలినారు. ఈ లెక్క మాత్రమే చెప్పి ఊరుకుంటే నేను కూడా ఫ్లెక్సు కట్టినట్టే. కార్నెల్, మిన్నెసోటా యూనివర్సిటీల వాళ్ళు ఇద్దరు 2012లో ఇదే విషయాన్ని గట్టిగా పరీక్ష చేసినారు. కలిసి తినే ఇళ్ళు మామూలుగానే కొంచెం సర్దుకున్న ఇళ్ళు కదా, ఆ తేడాలను తీసేసి చూస్తే మత్తు విషయంలో భోజనం బలం బాగా తగ్గిపోయిందని రాసినారు. తర్వాత టఫ్ట్స్ యూనివర్సిటీ వాళ్ళు ఇంకోటి చూసినారు. ఎన్నిసార్లు తిన్నారని కాదు, తినేటప్పుడు మాట్లాడుకున్నారా, ఫోన్లు పక్కన పెట్టినారా, ఆ వేళ హాయిగా ఉందా అని. అట్లా తినే ఇళ్ళలో వాడకం తక్కువ. కానీ చిన్నప్పుడే ఇంట్లో కొట్లాటలు, హింస బాగా చూసిన పిల్లలకు భోజనం ఒక్కటే ఏమీ చేయలేకపోయింది.

చదివి నాకేం అర్థమైందంటే, అన్నం మందు కాదు. పక్కపక్కన తట్టలు పెట్టినంత మాత్రాన ఏమీ జరగదు. తాగి వచ్చిన నాయన తట్ట ముందు కూర్చుని మార్కుల లిస్టు చదివితే, ఆ పిల్లోడు అన్నం అక్కడ తిని మిగతాది బయట చూసుకుంటాడు. టాస్మాక్ అంగడి రాత్రి 10 దాకా తెరిచే ఉంటుంది, 2003 నుంచి సర్కారే చిల్లరగా అమ్ముతోంది, అది మనం మూయించలేము. మన సంఘం వార్షికోత్సవం నాడు, వేదిక మీద పద్యాలు అయిపోయినాక, కార్లు నిలిపే చోట జరిగేది మూయించగలం. పదో తరగతి పిల్లకాయలు కుర్చీలు సర్దుతూ అంతా చూస్తూనే ఉంటారు. జూన్ 26న ప్రతిజ్ఞ చెప్పించేది ఆ పెద్దలే. పిల్లలకు మద్యం, పొగాకు ఇచ్చినవాడికి బాలల న్యాయ చట్టంలో ఏడేళ్ళ దాకా జైలు ఉంది. చూపించినవాడికి ఏ సెక్షనూ లేదు.

ఐస్‌లాండ్ సంగతి కూడా చెప్పాలి. దేశమంతా కలిపి 4 లక్షల లోపు జనం. 1998లో అక్కడ 15, 16 ఏళ్ళ పిల్లల్లో 42 శాతం అంతకు ముందు నెలలో ఒకసారైనా తాగి తూలినవాళ్ళు. 2016కు అది 5 శాతానికి దిగింది. ఉపన్యాసాలతో కాదు. చలికాలంలో 13 నుంచి 16 ఏళ్ళ పిల్లలు రాత్రి 10 తర్వాత పెద్దలు లేకుండా బయట ఉండకూడదని చట్టం పెట్టినారు. ఆటలకూ సంగీతానికీ డబ్బు ఇచ్చినారు. పిల్లలతో మామూలు దినాల్లో ఎక్కువ వేళ గడుపుతామని అమ్మానాయనలు ఒప్పందం మీద సంతకాలు పెట్టినారు. పిల్లల చేత పెట్టించలేదు, చూడండి. ప్రతిజ్ఞ పెద్దలది.

కలిసి తినడం మన పాత సంప్రదాయం, దాన్ని మళ్ళీ తేవాలి అని ఎవరైనా కామెంటు పెట్టేలోపే చెప్తాను, అది అబద్ధం. మన ఇళ్ళలో ఎప్పుడు కలిసి తిన్నాం? మగవాళ్ళు పీటల మీద, పిల్లలు పక్కన, అవ్వ, అమ్మ వడ్డించి చివర అడుగు గిన్నెతో వంటింట్లో. ఇప్పటికీ చాలా ఇళ్ళలో అంతే, పీటలు పోయి టీవీ వచ్చింది. నేను అడిగేది కొత్త పని. గిన్నెలు మధ్యలో పెట్టండి. ఎవరికి కావాల్సింది వాళ్ళు వేసుకుంటారు. అమ్మ కూర్చోవాలి. ఇంట్లో అందరికంటే ముందు పసిగట్టేది ఆమె, ఆమెను దోసెపెనం దగ్గర నిలబెట్టి పిల్లోడిని గమనించలేదని తర్వాత ఆమెనే తిడతారు. తట్టలు కడిగేది నాయనలు. కూర ఏదైనా ఒకటే చాలు, లేకపోతే చారు, అప్పడం. మూడు రకాలు చేయాలంటే ఈ పథకం వారంలో ఆగిపోతుంది, ఆగిపోవాలి కూడా.

మా కాలనీలో ఒక ఇల్లు. పేరు వద్దు. నాయనది షిఫ్టు ఉద్యోగం, అమ్మ గార్మెంట్ కంపెనీలో. ప్లస్ వన్ చదివే పిల్లోడు తట్ట తీసుకుని గదిలోకి పోయేవాడు, చెల్లెలు టీవీ ముందు, అమ్మ వంటింట్లో నిలబడి. నలుగురూ అదే సాంబారు తిన్నారు, నాలుగు చోట్ల. పిల్లోడి సంగతి వాళ్ళకు తెలిసింది ఒకటిన్నర ఏడాదికి, అదీ బడి నుంచి ఫోన్ వస్తే. నాయన బెల్టు తీసినాడు. పిల్లోడు పదకొండు దినాలు ఇంటికి రాలేదు. తర్వాత ఆస్పత్రి, కౌన్సెలింగ్. ఇప్పుడు పరవాలేదు. ఆ అమ్మ నాతో అన్నమాట, "కొన్నాళ్ళుగా వాడు రసం కూడా కారమంటున్నాడు, అరుచి అనుకున్నా అన్నా."

"మాది డ్యూటీ ఉద్యోగం, ఎనిమిదికి ఎట్లా కుదురుతుంది" అని రన్నింగ్ స్టాఫ్ అడుగుతారు. న్యాయమైన ప్రశ్న ఇదొక్కటే. రైలు నడిపేవాడికి రాత్రి అన్నం వేళ ఉండదు. మా క్వార్టర్లలో లోకో పైలట్ల ఇళ్ళు చూసినాను. నాయన దిగిన పూట మధ్యాహ్నం మూడైనా సరే, పిల్లలు ఆదివారం ఆగేవాళ్ళు. వారం రోస్టరు గోడకు తగిలించి, అందులో ఏ నాలుగు పూటలు అందరూ ఉంటారో గుండు చుట్టేవాళ్ళు. పొద్దున ఇడ్లీ అయినా లెక్కే. డ్యూటీ లేనివాళ్ళు, ఆఫీసు ఆరుకు మూసి పదికి ఇల్లు చేరేవాళ్ళు మాత్రం ఈ సాకు వాడొద్దు.

ట్యూషన్ గురించి: మార్కులు కావాలి, కాదనను. ట్యూషన్ సారుతో ఎనిమిదికి వదలమని పదిమంది పోయి అడిగితే వదులుతాడు, ఫీజు ఇచ్చేది మనం.

తెలుగు తరగతి మాట మాత్రం మనసులో ఉన్నది చెప్పాలి. 2006 చట్టం తర్వాత మన పిల్లలకు బడిలో తెలుగు చదివే దారి ఇరుకైపోయింది. వాళ్ళ చెవిన తెలుగు పడేది ఇంట్లోనే. ఆ ఇంట్లో కూడా కలిసి కూర్చునే వేళ లేకపోతే, వాళ్ళకు తెలుగు ఎప్పుడు వినిపిస్తుంది? "ఫోన్ పెట్టేయ్, చదువుకో, ఎందుకు ఆలస్యం" అన్నప్పుడు మాత్రమే. స్నేహితుల నవ్వులన్నీ తమిళంలో, తిట్లన్నీ తెలుగులో. అట్లాంటి పిల్లోడిని రాత్రి 7:45కు తీసుకొచ్చి గుణింతాలు దిద్దిస్తే తెలుగు మీద ప్రేమ పుడుతుందా? తిండి దగ్గర అవ్వ చెప్పే నాలుగు మాటలు ఆ గంటంపావు క్లాసుకు తక్కువేమీ కాదు.

అందుకని వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం పెడుతున్నాను. రాత్రి 7:30 నుంచి 9:30 దాకా సంఘం పేరుతో ఏ సమావేశమూ, తరగతీ, రిహార్సలూ ఉండకూడదు, కార్యవర్గంతో సహా. తెలుగు తరగతి శని, ఆదివారాల పొద్దున 10కి, హాజరు పుస్తకంతో, రాని పిల్లల ఇంటికి అదే గంటలో ఫోన్ పోవాలి. వార్షికోత్సవం ఆవరణలో, కార్లు నిలిపే చోటుతో సహా, సీసా కనపడితే ఆ సభ్యుడికి ఏడాది సస్పెన్షన్, పదవిలో ఉన్నవాడైనా సరే. ర్యాలీ రద్దు. ఆ 60,000లో కొంత పెట్టి మత్తు విడిపించే వైద్యులను పిలిచి, పిల్లలు లేకుండా, అమ్మానాయనలకు మాత్రమే మూడు ఆదివారాలు కూర్చోబెట్టి మాట్లాడించాలి. బెల్టు తీయకుండా ఏం చేయాలో వాళ్ళు చెప్తారు. మిగిలింది అట్లాంటి ఇళ్ళ వైద్యం ఖర్చుకు, పేరు బయటికి రాకుండా. అంతవరకు ఆగలేనివాళ్ళకు కేంద్ర ప్రభుత్వపు ఉచిత నంబరు 14446 ఉంది, రాసి పెట్టుకోండి.

తీర్మానాన్ని బలపరిచేవాళ్ళు ఇక్కడే పేరు రాయండి. వ్యతిరేకించేవాళ్ళూ రాయండి, కారణంతో. ఫోన్ చేసి మాట్లాడాలంటే ఎనిమిదికి ముందు, లేకపోతే తొమ్మిదిన్నర తర్వాత.